ఇళ్లు కట్టించాం, మరి మండలి ఏదీ?

శ్రీలంక ఉత్తర ప్రావిన్సులో ఎన్నికైన ప్రభుత్వం లేక ఏళ్లు గడుస్తున్నాయి. 2013 సెప్టెంబరులో జనం బారులు తీరి ఓటేసి తెచ్చుకున్న ప్రావిన్సు మండలి గడువు 2018 అక్టోబరులో తీరిపోయింది. ఆ తరవాత ఎన్నికల ఊసే లేదు. కొలంబో నియమించిన గవర్నరు చేతిలోనే పాలన సాగుతోంది. దేశంలోని 9 మండళ్లదీ ఇదే గతి. అయితే అసలు ఎవరి గోడు తీర్చడానికి ఈ మండళ్లు పుట్టాయో, ఆ తమిళులకే నేడు మండలి లేకపోవడం ఘోరం. ఈ అన్యాయంలో మన బాధ్యతా ఉంది. 1987 జులై 29న మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే చేసిన ఒప్పందమే ఈ మండళ్లకు పునాది. దాని ఫలితంగానే శ్రీలంక రాజ్యాంగానికి 13వ సవరణ వచ్చింది. ఒప్పందంపై సంతకం చేసిన భారత్, ఇప్పుడది అటకెక్కితే చూస్తూ ఊరుకోవడం తగదు.

2009 మేలో శ్రీలంక అంతర్యుద్ధం ముగిశాక భారత్ చేసిన సాయం తక్కువేమీ కాదు. 50 వేల ఇళ్ల పథకంలో 46 వేలు ఉత్తర, తూర్పు ప్రావిన్సులకే దక్కాయి. పేలిపోయిన పట్టాల స్థానంలో మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ కొత్త లైను వేసింది. రెండు దశాబ్దాలకు పైగా జాఫ్నా ముఖం చూడని రైలు 2014 అక్టోబరులో మళ్లీ అక్కడి స్టేషన్‌లో ఆగింది. 2019లో జాఫ్నా దగ్గరి పలాలి నుంచి చెన్నైకి విమానం ఎగిరింది. 2023లో నాగపట్నం, కాంకేసంతురై మధ్య నౌక కదిలింది. ఇవన్నీ కళ్లకు కనిపించే పనులు, ప్రారంభోత్సవాల్లో రిబ్బన్లు కత్తిరించగలిగే పనులు. ఆ ప్రాంత ప్రజలకు తమ బాగోగులు తామే నిర్ణయించుకునే హక్కు మాత్రం ఈ జాబితాలో చేరలేదు.

హక్కు సంగతి తరవాత, ముందు కూడూ గూడూ అనేవారున్నారు. ఉత్తరాది అనుభవం ఆ వాదాన్ని నిలబడనివ్వదు. భారత ఇళ్ల పథకంలో ఒక్కో కుటుంబం ఖాతాలో 5.5 లక్షల శ్రీలంక రూపాయలు విడతలవారీగా జమచేసి, ఇంటిని వారినే కట్టుకోమన్నారు. పునాది లేచాక ఒక విడత, గోడలు లేచాక మరో విడత. మేస్త్రీ ఊరివాడే, ఇటుకలు ఊరివే. ధరలు పెరిగి ఆ సొమ్ము చాలక అప్పుల పాలైన కుటుంబాలున్నాయి. అది పథకంలోని లోపమే. అయినా అక్కడ ఇల్లు ఎలా ఉండాలో తేల్చింది అందులో ఉండబోయే మనిషి. ఆ పథకం గట్టెక్కడానికి ప్రధాన కారణం అదే.

ఆ తరవాత కొలంబో ఏం చేసిందో చూడండి. 2015-16లో ఒక బహుళజాతి ఉక్కు సంస్థ చేత 65 వేల ఉక్కు ఇళ్లు కట్టిస్తామంది. ఒక్కోదానికి తొలుత చెప్పిన ఖర్చు 21 లక్షల శ్రీలంక రూపాయలు. ఆ డబ్బుతో రెండు ఇటుక ఇళ్లు లేస్తాయని స్థానికులు మొత్తుకున్నారు. ఉప్పుగాలికి ఉక్కు ఎన్నాళ్లు నిలుస్తుంది, కట్టెల పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి, పిల్లల పెళ్లిళ్లయ్యాక ఇంకో గది ఎలా వేసుకోవాలి, ఊళ్లోని తాపీ మేస్త్రీకి పనేది అని అడిగారు. ఇవి ఏ కన్సల్టెంటు నివేదికా అడగని ప్రశ్నలు. నిరసన పెరిగి పథకం మూలనపడింది. 2018లో 40 వేల ఇళ్లను చైనా సంస్థకు అప్పగించబోతే మళ్లీ ఇటుక ఇళ్లే కావాలని జనం పట్టుబట్టారు. అదీ రద్దయింది. యుద్ధంలో గూడు చెదిరినవారికి ఈ తర్జనభర్జనల్లోనే కొన్నేళ్లు కరిగిపోయాయి. అడగాల్సినవారిని ముందే అడిగి ఉంటే ఆ జాప్యం ఉండేదే కాదు.

నీటి విషయంలోనూ ఇదే తంతు. జాఫ్నా ద్వీపకల్పానికి జీవనదులు లేవు. సున్నపురాతి పొరల్లోని బావులే దిక్కు. అందుకని కిలినొచ్చిలోని ఇరణమడు చెరువు నుంచి జాఫ్నాకు తాగునీరు తెచ్చే పథకానికి ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పిచ్చింది. మా పొలాలకే చాలని నీరు ఎలా ఇస్తామని కిలినొచ్చి వరి రైతులు ఎదురుతిరిగారు. కృష్ణా జలాల పేచీ ఎరిగిన తెలుగువారికి ఆ రైతుల గుబులు వేరే వివరించనక్కర్లేదు. తుదకు ఇరణమడును పక్కనపెట్టి తాళైయడిలో సముద్రపు నీటిని శుద్ధిచేసే కేంద్రం కట్టారు. అది 2024లో గానీ ప్రారంభం కాలేదు. అప్పు పత్రాల మీద సంతకాలకు ముందే ఆ రెండు జిల్లాల ప్రతినిధులూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వేదిక ఉంటే కథ వేరుగా ఉండేది. పథకం పుట్టిన నాటికి ఉత్తరాదికి మండలే లేదు మరి.

దీవుల ఉదంతం మరీ విడ్డూరం. జాఫ్నా తీరంలోని డెల్ఫ్ట్, నైనాతీవు, అనలైతీవుల్లో సౌర, పవన విద్యుత్తు పనిని 2021 జనవరిలో చైనా సంస్థకిచ్చారు. తన తీరానికి కూతవేటు దూరంలో చైనా ఏమిటని భారత్ అభ్యంతరం చెప్పింది. ఆ ఏడాది డిసెంబరుకు పని ఆగింది. 2022 మార్చిలో భారత గ్రాంటుతో కొత్త ఒప్పందం కుదిరింది. మన భద్రతా భయం అర్థంలేనిదేమీ కాదు. అయితే ఈ తతంగమంతటిలో ఆ మూడు దీవులవాళ్లను పలకరించిన నాథుడు లేడు. రేపు ఇంకో దేశం ఇంకాస్త ఎక్కువ ఇస్తానంటే కొలంబో అటు మొగ్గదన్న భరోసా ఏది? స్థానికుల ఆమోదం ఉన్న ఒప్పందమే గట్టిగా నిలుస్తుంది. మన ప్రయోజనం కోరినా మండలి ఉండటమే మేలు.

ఉన్న అయిదేళ్లూ మండలి ఏం వెలగబెట్టిందని కొలంబో పెద్దలు ఎదురడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. 38 స్థానాల్లో 30 గెలిచిన తమిళ జాతీయ కూటమి అంతఃకలహాలతో పరువు పోగొట్టుకుంది. తీర్మానాల మీద తీర్మానాలు వచ్చాయి గానీ చట్టాలు అరకొరే. 2017లో మంత్రులపై అవినీతి ఆరోపణలు, ముఖ్యమంత్రి విఘ్నేశ్వరన్‌పై సొంత పక్షంవారి అవిశ్వాస తీర్మానం జనానికి రోత పుట్టించాయి. కానీ నాణేనికి రెండో వైపూ ఉంది. కార్యనిర్వాహక అధికారం గవర్నరుది. ప్రధాన కార్యదర్శిని నియమించేది దేశాధ్యక్షుడు. భూమి, పోలీసు అధికారాలు కాగితం దాటలేదు. ప్రవాస తమిళుల సొమ్ము నేరుగా పునరావాసానికి చేరేలా ముఖ్యమంత్రి నిధి పెట్టుకుంటామంటే దానికీ అనుమతి దక్కలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ప్రజలు ఇచ్చింది గవర్నరు గడప దగ్గర ఆగిపోయింది. గవర్నరు దగ్గర ఆగిన బిల్లుల కోసం 2023లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన తెలంగాణకు ఆ బాధ తెలుసు. చేతకాని పాలకులను మార్చడానికి ఓటు ఉంది. ఓటే లేకుండా చేయడం ఏ రోగానికి మందు?

న్యూఢిల్లీ మాటల్లో లోటు లేదు. 2025 ఏప్రిల్‌లో కొలంబో వెళ్లిన ప్రధాని మోదీ మండలి ఎన్నికల గురించి అధ్యక్షుడు దిసనాయకే సమక్షంలోనే ప్రస్తావించారు. ఎన్నికలు ఏడాదిలోగా జరుపుతామన్నది దిసనాయకే పక్షం 2024లో చేసిన వాగ్దానమే. అడ్డు ఏమిటంటే 2017 నాటి ఎన్నికల చట్ట సవరణ. దాని ప్రకారం గీసిన నియోజకవర్గాల నివేదికను మరుసటి ఏడాది పార్లమెంటే తోసిపుచ్చింది. పాత పద్ధతికి మళ్లేందుకు చిన్న చట్ట సవరణ చాలు. 225 మంది సభ్యుల్లో 159 మంది అధికార పక్షంవారే అయినప్పుడు వంక చెప్పే వీలెక్కడిది? లేనిది మనసే.

భారత్ ఇకనైనా స్పష్టంగా మాట్లాడాలి. ఉత్తరాదికి ఇచ్చే ప్రతి కొత్త సాయాన్నీ మండలి ఎన్నికలతో ముడిపెట్టాలి. వైద్యం, ఆహారం, తుపాను సహాయం వంటి అత్యవసరాలకు మినహాయింపు ఉండాలి. మండలి వచ్చేదాకా 2025 మేలో ఎన్నికైన నగర, పట్టణ, ప్రాదేశిక సభల ముందు పథకాల వివరాలు పెట్టి వారి మాట వినాలి. అన్నిటికన్నా ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. తమిళనాడు మరపడవలు పాక్ జలసంధి దాటి సముద్రం అడుగు ఊడ్చేసే వలలతో జాఫ్నా, మన్నార్ జాలర్ల చేపల్ని తోడేస్తున్నాయి. ఆ జాలర్లలో ఎందరో యుద్ధకాలంలో కడలిలోకి వెళ్లే అనుమతే లేక పస్తులున్నవారు. ఒక చేత్తో ఇల్లిచ్చి, మరో చేత్తో కూడు లాక్కుంటే అది సాయం అనిపించుకోదు. ఆ వలలను ఆపే బాధ్యత కేంద్రానిది, చెన్నైది కూడా.

ఇది పొరుగింటి అంతర్గత వ్యవహారం కదా అనే సాకు 1987లోనే చెల్లిపోయింది. వెంటనే ఎన్నికల తేదీ ప్రకటించమని కొలంబోను గట్టిగా అడిగే హక్కూ, అడగాల్సిన విధీ భారత్‌కు ఉన్నాయి. మండలి లేని ఉత్తరాదికి ఎన్ని వేల ఇళ్లు కట్టించినా పునర్నిర్మాణం పూర్తయినట్టు కాదు.