నాలుక ముడి విప్పే చదువు

ధూళిమిట్ట నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె పెద్దకూతురి కొడుకుకు నాలుగేళ్ళు నిండినా నాలుగు మాటలు రావడం లేదు. సిద్దిపేటలో వినికిడి పరీక్ష చేసి, స్పీచ్ థెరపీ ఇప్పించమన్నారట. ఇంటర్ బైపీసీ రెండవ సంవత్సరం చదువుతున్న చిన్నకూతురు ఆ పిల్లవాడిని వెంటబెట్టుకుని వెళ్ళివస్తూ, తానూ ఆ పనే నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఏం చదవాలి, ఎన్నాళ్ళు చదవాలి అన్నది ఆ తల్లి ప్రశ్న.

పూర్తిస్థాయి నిపుణురాలు కావాలంటే ఇంటర్ తరువాత నాలుగేళ్ళ బీఏఎస్ఎల్‌పీ పట్టా చదవాలి. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అంతకాలం చదివించే స్తోమత లేని కుటుంబాలకు మరో మార్గం ఉంది. అది డీహెచ్ఎల్ఎస్ అనే ఏడాది డిప్లొమా. ఇది నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే సహాయకులను తయారుచేస్తుంది. ఇంటర్‌లో సైన్సు చదివినవారికే ప్రవేశం. కనుక పదవ తరగతి ముగిసి గ్రూపు ఎంచుకునే నాడే ఈ సంగతి తెలిసి ఉండాలి. ఈ అమ్మాయికి ఆ చిక్కు లేదు.

ఈ విద్యలో పేరున్న సంస్థలలో ఒకటి 1965లో మైసూరులో వెలసింది. మరొకటి ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన మన హైదరాబాదీ పేరిట 1983లో అది ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. ఆ ఏటి కోర్సులు, గడువులు, హాస్టలు వసతి గురించి తండ్రో అన్నో స్వయంగా వెళ్ళి విచారించి రావడం మేలు.

అసలు విద్య తరగతి గదిలో కన్నా క్లినిక్‌లో అబ్బుతుంది. బిడ్డ పూర్వాపరాలు అడిగి రాసుకోవడం, వినికిడి పరీక్షలో తోడ్పడటం, చెవి అచ్చు తీయడం, ఒకే శబ్దాన్ని విసుగు లేకుండా వందసార్లు పలికించడం, ఇవన్నీ పెద్దల కళ్ళ ముందు చేసి నేర్వవలసినవి. అమెరికాలో సహాయకుల ధ్రువీకరణకు కనీసం 100 గంటల క్షేత్రానుభవం అడుగుతారు. అందులో 80 గంటలు నేరుగా సేవలందించడంలోనే గడవాలి. ఇక్కడి డిప్లొమా అక్కడ దానంతటదే చెల్లదు. బంధువులున్నారు గదా అని ఆ ఆశతో చేర్చవద్దు.

చదువు ముగిశాక భారత పునరావాస మండలి వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. 1992 నాటి చట్టం ప్రకారం నమోదు లేకుండా ఈ వృత్తి చేయడం నేరం. సహాయకురాలు సొంతంగా రోగనిర్ధారణ చేయరాదు, నిపుణులు వేసిన ప్రణాళికను తనకు తోచినట్లు మార్చరాదు. ఏడాది చదివి వీధిలో బోర్డు కట్టి ‘మాటల డాక్టరు’ అనిపించుకోవడం పసిబిడ్డల విలువైన కాలాన్ని దోచుకోవడమే. అలాగని సహాయకుల స్థానం చిన్నదని మేము అనుకోము. తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్న మూసా అలైహిస్సలాం, ఆ దుఆలోనే సోదరుడు హారూన్‌ను సహాయకునిగా కోరుకున్నారు.

ఉత్తరంలో ఇంకొక మాట ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు కావడం వల్లనే మాట ఆలస్యమైందనీ, ఉర్దూ మానెయ్యమనీ ఇరుగుపొరుగు చెబుతున్నారట. ఆ సలహా వినవద్దు. రెండు భాషలు వినడం వల్ల మాటలోపం రాదు. అమ్మ లాలించే భాషను ఆపితే బిడ్డకు ఉన్న ఆ కాస్త ఆసరా కూడా పోతుంది. నీళ్ళ బొమ్మ చూసి ‘పానీ’ అన్న పసివాడికి మాట వచ్చినట్లే లెక్క. తెలుగు మాత్రమే తెలిసినవారు దానిని తప్పుగా రాసుకునే ప్రమాదముంది. రెండూ తెలిసిన మన అమ్మాయిలు ఈ పనిలోకి రావాలని మేము కోరడానికి ముఖ్య కారణం ఇదే.

పిల్లవాడి సంగతి మాత్రం ఖాలా చదువు ముగిసేదాకా ఆగరాదు. సిద్దిపేట ప్రయాణం మానకండి. థెరపిస్టు చెప్పిన అభ్యాసాన్ని ఇంట్లో రోజూ ఆమె చేతనే చేయించండి. ఏ మాట ఏ రోజున వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టమనండి, ఉర్దూ మాటలు ఒక పుటలో, తెలుగు మాటలు ఎదుటి పుటలో.