దారి తప్పించే ఇండికేటర్లు

2024 అక్టోబరు 11 రాత్రి తమిళనాడులోని కవరైపేట్టై స్టేషన్‌లో మైసూరు–దర్భంగా బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్‌లైన్ సిగ్నల్ ఇచ్చారు. రైలు మాత్రం లూప్‌లైన్‌లోకి దూసుకెళ్లి, ఆగివున్న గూడ్సును ఢీకొట్టింది. సిగ్నల్ ఒకటి, దారి మరొకటి ఎందుకయిందో తేల్చడానికి రైల్వే భద్రతా కమిషనర్ విచారణ జరిపారు. ఆ ఊరి పక్కనుంచే పోయే చెన్నై–కోల్‌కతా హైవే మీద మోటారు సైకిళ్ల ఇండికేటర్లు తప్పుడు సిగ్నల్ ఇస్తుంటే అడిగే నాథుడు లేడు.

గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడకు షిఫ్టుకెళ్లే కార్మికులు, తడ, సత్యవేడు వైపు నుంచి వచ్చే మనవాళ్లు ఈ దారిలో కంటెయినర్ లారీల మధ్యే బండి నడపాలి. అలాంటి చోట కుర్రాళ్లు కంపెనీ ఇండికేటర్లు పీకేసి, అందం కోసం సన్నటి ఎల్‌ఈడీలు బిగించుకుంటున్నారు. వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుడితే పని అయిపోయిందనుకుంటున్నారు.

అవలేదు. పాత బల్బు ఒక్కోటి సాధారణంగా 10 వాట్లు లాగుతుంది, ఎల్‌ఈడీకి ఒకటి రెండు వాట్లు చాలు. ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలేను బల్బుల లోడుకు తగ్గట్టు చేస్తారు, అది ఇంత తక్కువ కరెంటుకు సరిగా పనిచేయదు. మరీ వేగంగా కొట్టుకుంటుంది, లేదా లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది.

అంతకన్నా భయపడాల్సింది ఇంకొకటుంది. కొన్ని బండ్ల మీటరులో ఇండికేటర్ పడిందని చూపే పైలట్ బల్బు రెండు వైపులకూ కలిపి ఒకటే ఉంటుంది. కుడి స్విచ్ వేయగానే కరెంటు ఆ బల్బు గుండా ఎడమవైపుకూ పోతుంది. ఆ కాస్త కరెంటుకు మామూలు బల్బు వెలగదు, ఎల్‌ఈడీ వెలుగుతుంది. నాలుగు లైట్లూ కలిసి కొట్టుకుంటాయి. మీటరు చూసుకున్న కుర్రాడికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. వెనక లారీ డ్రైవరు మాత్రం బండి ఆగిపోతోందనుకుని కుడిపక్క నుంచి దాటబోతాడు. సరిగ్గా అప్పుడే బండి కుడికి తిరుగుతుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. ఎల్‌ఈడీకి సరిపడే ఎలక్ట్రానిక్ రిలే, పైలట్ బల్బుకు రెండు డయోడ్లు చాలు. రిలే మార్చకుండా రెసిస్టర్ తగిలిస్తే అది ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, దాన్ని ప్లాస్టిక్‌కు ఆనించి కట్టడం నేరమే. ఐప్పసి, కార్తిక అనే తమిళ నెలల వానల్లో ఉత్త టేపు జాయింటు నిలవదు. సోల్డర్ చేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీదున్నవారే. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. సైలెన్సర్ మోతను పట్టుకునే పోలీసులు వెనక లైట్లను కూడా చూడాలి. మెకానిక్కులు తాళం చేతికిచ్చే ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో బండి వెనక నిలబడి, ఎడమ వేస్తే ఎడమే, కుడి వేస్తే కుడే వెలుగుతోందని బండి యజమానికి చూపించాలి. అలా చూపించలేని బిగింపుకు డబ్బులు తీసుకోకూడదు.