రోడ్డు వెడల్పయింది, రాతిగోడ నిలిచింది

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ నగరం దాటి ఓల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్ పైక్ ఎక్కితే ఎవరైనా కారు వేగం తగ్గిస్తారు. ఇరుకైన రెండు వరుసల రోడ్డు. ఇరువైపులా కనుచూపు మేర నల్లరంగు చెక్కపలకల కంచెలు, మధ్యమధ్య నాచుపట్టిన సున్నపురాతి గోడలు, వాటి వెనక తలవంచి మేస్తున్న గుర్రాలు. సిన్సినాటి నుంచో లూయిస్‌విల్ నుంచో బయలుదేరితే గంటన్నరలో చేరుకోవచ్చు. ఆ నగరాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు శని, ఆదివారాల్లో పిల్లల్ని వెంటేసుకుని వెళ్లడానికి ఇంతకన్నా మంచి దారి దగ్గర్లో లేదు. టికెట్టు లేదు, వరసలో నిలబడే పని లేదు.

చూసి ఆనందించడం ఒకటి. ఇది ఇంకా ఇలా ఎందుకు మిగిలిందో తెలుసుకోవడం మరొకటి. ఈ దృశ్యం దానంతటదే మిగల్లేదు. కోర్టుకెక్కినవాళ్లు, చట్టం రాసినవాళ్లు, పన్నుల డబ్బు ఇచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి మిగిలింది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెదారుల్లో ఇవాళ జరుగుతున్న గొడవకు ఆ కథలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

మొదట గుర్రాల సంగతి. ఈ ప్రాంతాన్ని బ్లూగ్రాస్ అంటారు. నేల కింద ఉన్నది దాదాపు 45 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి. అందులోని కాల్షియం, ఫాస్ఫరస్ నీటిలోకి, గడ్డిలోకి, అక్కణ్నుంచి గుర్రాల ఎముకల్లోకి చేరతాయని అక్కడి పెంపకందారులు తరతరాలుగా చెబుతారు. రేసు గుర్రాల పెంపకానికి ఇది ప్రపంచంలోనే పేరున్న నేల. 21 పందేల్లో 20 గెలిచిన మ్యాన్ ఓ వార్ ఇక్కడే పుట్టింది. 1973లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది మూడు పెద్ద పందేలు) గెలిచిన సెక్రటేరియట్ సమాధి పారిస్ అనే చిన్న పట్నం పక్కన క్లెయిబోర్న్ ఫామ్‌లో ఉంది. గొప్ప రేసు గుర్రం చనిపోతే తల, గుండె, గిట్టలు మాత్రమే పూడ్చడం అక్కడి ఆనవాయితీ. సెక్రటేరియట్‌ను మాత్రం నిండు శరీరంతో పాతిపెట్టారు.

వెళ్లేవాళ్లకు కాలం కూడా తెలిసి ఉండాలి. ఉత్తరార్ధగోళంలో పుట్టిన రేసు గుర్రాలన్నిటికీ లెక్కలో పుట్టినరోజు జనవరి 1. అందుకే ఏడాది మొదట్లోనే ఈనేలా చూసుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో వెళితే తల్లుల పక్కన పొడుగుకాళ్ల పిల్లలు గెంతుతూ కనిపిస్తాయి. నడివేసవిలో మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు ఖాళీ పచ్చికే కనిపించవచ్చు. ఎండకు, ఈగలకు భయపడి చాలా ఫారాల్లో గుర్రాలను పగలు శాలల్లో ఉంచి రాత్రిపూట బయటికి వదులుతారు. ఆ రోజుల్లో పొద్దున్నే బయలుదేరాలి.

కంచె మీంచి ఆపిల్ ముక్కలో, క్యారెట్లో అందించాలని పిల్లలకు సరదా పుడుతుంది. దయచేసి వద్దు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పడనిది కడుపులోకి పోతే వచ్చే నొప్పితో ప్రాణమే పోవచ్చు.

ఇక కంచెలు. ముళ్లతీగ కట్టుకుంటే ఎంతో చవక. కానీ పరుగెత్తే గుర్రం దాన్ని చూసుకోకుండా వచ్చి పడితే చర్మం చీలిపోతుంది, కాలు విరుగుతుంది. అందుకే పలకలు. పలకలను గుర్రాలున్న వైపే బిగిస్తారు, గుర్రం ఆనుకున్నా మేకులు ఊడకుండా. మూలలను చాలాచోట్ల గుండ్రంగా తిప్పుతారు, ఒక గుర్రం మరొకదాన్ని మూలకు నెట్టి తన్నకుండా. పక్కపక్క మైదానాల మధ్య రెండు వరుసల కంచె వేసి నడుమ సందు వదులుతారు, అటు ఇటు గుర్రాలు కొట్లాడుకోకుండా. ఒకప్పుడు ఈ కంచెలు ఎక్కువగా తెల్లగా ఉండేవి. తెల్లరంగు ఖర్చు, మళ్లీమళ్లీ వేయాల్సిన బాధ భరించలేక చాలామంది నలుపుకు మారారు. కాలుమెట్ ఫామ్ మాత్రం తెలుపు వదల్లేదు. వర్లవే, సైటేషన్ వంటి ట్రిపుల్ క్రౌన్ విజేతలకు నిలయమైన ఆ ఫారం అప్పుల్లో కూరుకుపోయి 1992లో వేలానికి వచ్చింది. ముక్కలై ఇళ్ల స్థలాలుగా మారుతుందేమోనని ఊరంతా భయపడింది. కొన్న హెన్రిక్ డి క్వియాట్‌కోవ్‌స్కీ దాన్ని ఫారంగానే ఉంచారు, తెల్ల కంచెలతో సహా.

రాతిగోడల కథ ఇంకా లోతు. సున్నం లేదు, సిమెంటు లేదు. రెండు ముఖాలుగా రాళ్లు పేర్చి, నడుమ చిన్నరాళ్లు కూరి, అక్కడక్కడా రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడుగురాయి వేసి, పైన నిలువురాళ్లను వాలుగా తొడిగిన గోడ అది. వాన పడితే నీరు సందుల్లోంచి జారిపోతుంది. చలికి నేల గడ్డకట్టి ఉబ్బినా రాళ్లు కొద్దిగా కదిలి సర్దుకుంటాయి. సిమెంటు గోడైతే పగులుతుంది. మన ఊళ్లలో వడ్డెరలు కట్టిన పాత రాతిబావి ఒరను చూసినవాళ్లకు ఆ పనితనం ఇట్టే అర్థమవుతుంది.

వీటిని కట్టినవాళ్ల గురించి చాలాకాలం ఒకటే మాట నడిచింది, అన్నీ బానిసలే కట్టారని. కరోలిన్ మర్రీ-వూలీ, కార్ల్ రెయిట్జ్ 1992లో ప్రచురించిన పుస్తకం ఆ చరిత్రను సరిచేసింది. 19వ శతాబ్దంలో వలస వచ్చిన ఐరిష్ మేస్త్రీలు ఈ పనిని తెచ్చారు. వాళ్ల దగ్గర పని నేర్చిన నల్లజాతి మేస్త్రీలు అంతర్యుద్ధం తరవాత దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. గుర్రాల చరిత్రలోనూ నల్లజాతివారి భాగం తక్కువేమీ కాదు. 1875లో జరిగిన మొదటి కెంటకీ డెర్బీని గెలిచిన జాకీ ఆలివర్ లూయిస్ నల్లజాతివాడు. మూడు డెర్బీలు గెలిచిన ఐజాక్ మర్ఫీ సమాధి ఇప్పుడు కెంటకీ హార్స్ పార్క్‌లో, మ్యాన్ ఓ వార్ సమాధికి దగ్గర్లోనే ఉంది. కంచె వెనక గుర్రాన్ని చూపించే తల్లిదండ్రులు పిల్లలకు ఆ పేర్లు కూడా చెప్పాలి.

ఆ గోడల్లో ఎక్కువభాగం ఇప్పుడు లేదు. రోడ్ల వెడల్పు కోసం కూల్చారు, కంకర కోసం పగలగొట్టారు. మిగిలినవాటిని కాపాడిన పోరాటాల్లో పెద్దది పారిస్ పైక్‌ది. లెక్సింగ్టన్‌కూ పారిస్‌కూ మధ్య దాదాపు 12 మైళ్ల రోడ్డు. ఇరుకు కావడంతో ప్రమాదాలు జరిగేవి, మనుషులు చనిపోయేవారు. నాలుగు వరుసలు చేయాలని 1960ల నుంచే ప్రయత్నించారు. మామూలు పద్ధతిలో చేస్తే గోడలు, చెట్లు, ఫారాల ముంగిళ్లు అన్నీ పోయేవి. స్థానికులు కోర్టుకు వెళ్లారు. 1979లో ఫెడరల్ కోర్టు పనులు ఆపించింది.

ఆ తరవాత జరిగిందే అసలు విశేషం. 1990ల్లో మళ్లీ కూర్చుని డిజైన్ మార్చారు. రానూపోనూ దారులను విడదీసి, నేల తీరును బట్టి ఒక్కో దారిని ఒక్కోలా వంచారు. పెద్ద చెట్లను వీలైనంత తప్పించారు. తప్పనిచోట గోడను రాయి రాయిగా విప్పి వెనక్కి జరిపి మళ్లీ పేర్చారు. అప్పటికి ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి. 1996లో మొదలైన డ్రై స్టోన్ కన్సర్వెన్సీ కొత్తవారికి శిక్షణ ఇచ్చింది. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో రోడ్డు పూర్తయింది. ఇప్పుడది భద్రమైన రోడ్డు, అందమైన రోడ్డు కూడా. ఆ రెండూ కలిసి ఉండవని ఇంకెవరూ వాదించలేరు.

లెక్సింగ్టన్ చేసిన మరో పని 1958లో నగరం చుట్టూ ఒక గీత గీయడం. గీత లోపల కాలనీలు, డ్రైనేజీ. బయట పొలాలు, ఫారాలు. అమెరికాలో అలాంటి గీత గీసిన మొదటి నగరం అదే. 1999 నుంచి గీత బయట 40 ఎకరాలకు తక్కువగా భూమిని ముక్కలు చేయనివ్వడం లేదు. 2000లో ఇంకో పథకం వచ్చింది. భూమి యజమానిదే, కానీ దాని మీద కాలనీలు కట్టే హక్కును ప్రజాధనంతో కొని శాశ్వతంగా పక్కన పెట్టేస్తారు. యజమానికి నష్టం లేదు, పచ్చిక పోదు. అయినా ఒత్తిడి ఆగలేదు. ఇళ్ల ధరలు పెరగడంతో 2023లో నగర మండలి ఆ గీతను 2,700 నుంచి 5,000 ఎకరాల మేర బయటికి జరపడానికి ఒప్పుకుంది. ఇల్లు కావాలనేవాళ్ల బాధ నిజమైనదే. కానీ అక్కడ ఆ వాదన బహిరంగంగా, ఎకరాల లెక్కతో జరిగింది.

హైదరాబాద్‌కూ అలాంటి గీత ఉండేది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. ఉల్లంఘనలు ఎన్ని జరిగినా, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఆదివారం కారేసుకుని వెళ్లేవాళ్లకు చేలు, తోటలు కనిపించాయంటే దాని పుణ్యం చాలా ఉంది. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. హక్కును కొనే పథకం లేకుండా పాతికేళ్లపాటు రైతులను కట్టేసి ఉంచడం అన్యాయమే, ఆ రైతుల కోపం న్యాయమైనదే. దానికి మందు పరిహారం ఇచ్చి గీతను నిలపడం. గీతనే చెరిపేస్తే, రేపు ఆ దారిన వెళ్లేవాళ్లకు రెండు పక్కలా కనిపించేవి ప్రహరీలు, వెంచర్ల బోర్డులు.

చేవెళ్ల మర్రిచెట్ల విషయంలో మాత్రం ఇంకా చెయ్యి దాటిపోలేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు ఇరువైపులా సుమారు 900 మర్రులు ఉన్నాయి. వికారాబాద్ కొండలకు వెళ్లే కార్లు చాలా వాటి నీడలోంచే వెళతాయి. ఈ రోడ్డును నాలుగు వరుసలు చేయాలనే ప్రతిపాదన మీద పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర బస్సును టిప్పర్ ఢీకొని ఎంతోమంది చనిపోయారు. ఆ ఇళ్లలో ఏడుపు విన్నాక రోడ్డు వెడల్పు వద్దనడానికి ఎవరికీ నోరు రాదు. రాకూడదు కూడా. పారిస్ పైక్ మీదా మనుషులు చనిపోయారు. అక్కడివాళ్లు చనిపోయినవాళ్లనూ మరిచిపోలేదు, చెట్లనూ వదులుకోలేదు.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడగాలి. మర్రులున్న చోట రానూపోనూ దారులు విడిపోవాలి, చెట్లు నడిమధ్యలో నిలవాలి. అందుకు ఎక్కువ భూమి కావాలంటే రైతుకు మార్కెట్ ధర ఇచ్చి తీసుకోవాలి. ఏ చెట్టు ఉంటుందో, ఏది తరలుతుందో, తరలించినదాన్ని ఎన్నేళ్లు ఎవరు చూసుకుంటారో నంబర్ల వారీగా రోడ్డు పక్కనే బోర్డు మీద రాయాలి. వేళ్ల మీద మట్టి, తారు పోయకుండా కాంట్రాక్టు పత్రంలోనే షరతు పెట్టాలి. ఇవన్నీ రోడ్డు పూర్తయ్యాక చేసేవి కావు, తవ్వకానికి ముందే తేలాల్సినవి.