ముందు తల్లిదండ్రులను అడగండి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద చర్చ ఎక్కడ జరిగినా చివరికి తేల్చేది ఒకటే: పల్లెజనంలో అపోహలున్నాయి, అవగాహన పెంచాలి. ఆ హెచ్‌పీవీ టీకా మన ఆడపిల్లలకు అందాల్సిందే. 2022లో దేశంలో సుమారు 1.27 లక్షల మంది ఈ జబ్బు బారిన పడ్డారని, దాదాపు 80 వేల మంది చనిపోయారని అంచనా. నా అభ్యంతరం టీకా మీద కాదు, నెపమంతా తల్లిదండ్రుల అజ్ఞానం మీదకు నెట్టే ఈ వాదన మీద. ఆ వాదన చేసేవాళ్లు 2,763 అనే అంకెను ఒక్కసారి కూడా తలవరు.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికా సంస్థ పాథ్, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. బాలికల మరణాలపై ఆందోళన రేగడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. చదివి వినిపించిన సాక్షి ఉంటే వేలిముద్ర తప్పు కాదు. అక్షరం రాని తల్లి కూడా విని, ఎదురు ప్రశ్నలడిగి, సరేననగలదు. వార్డెన్ సంతకానికి ఏ సమర్థనా లేదు. ఆ 2,763 ఇళ్లలో అపోహ ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వాళ్లను అడగనే లేదు.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదని విచారణ సంఘం చెప్పింది కదా అని కొందరు గుర్తుచేస్తారు. నిజమే, ఆ నిర్ధారణను కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ బిడ్డకు సూది వేస్తున్నామని చెప్పని వ్యవస్థ, బిడ్డ పోయాక ‘దీనికీ దానికీ సంబంధం లేదు’ అంటే ఏ తల్లి నమ్ముతుంది? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మన అవగాహన సదస్సుల్లో ఆ నివేదిక ఊసే ఉండదు.

అమెరికాలోనూ ఇదే వాదన నడుస్తోంది. అక్కడ ప్రోస్టేట్ క్యాన్సర్‌తో నల్లజాతి పురుషులు శ్వేతజాతీయులకంటే సుమారు రెట్టింపు రేటుతో చనిపోతున్నారు. కొత్త మందుల ప్రయోగాల్లో మాత్రం వాళ్లు చాలా తక్కువ. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా నల్లజాతి రోగులకు సిఫిలిస్ ఉందని చెప్పకుండా, వైద్యం అందనీయకుండా గమనిస్తూ కూర్చున్న ఘోరం వల్లే వాళ్లు ముందుకు రావడం లేదంటారు. ఆ గాయం నిజమే. అయితే 2006లో వెలువడిన ఒక పరిశీలనలో 20 అధ్యయనాలకు చెందిన 70 వేల మందికి పైగా సమ్మతి లెక్కలు తీశారు. చికిత్సా ప్రయోగాల్లో చేరతారా అని అడిగితే సరేనన్న నల్లజాతీయులు 45.3 శాతం, శ్వేతజాతీయులు 41.8 శాతం. అంటే పెద్ద తేడా లేదు. అడిగినచోట ఒప్పుకున్నారు. అడగడంలోనే లోపం.

ఇప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లా సంగతి. వేరుశనగ పని ముగిశాక కదిరి, తలుపుల వైపు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దలు బెంగళూరుకో కేరళకో వలసపోతే పిల్లలు హాస్టల్లోనో అవ్వ దగ్గరో మిగులుతారు. టీకా బృందం వచ్చేనాటికి సంతకం పెట్టగల పెద్దమనిషి వార్డెన్ ఒక్కరే. 2,763 మళ్లీ పుట్టేది ఇలాంటి చోటే. వలసపోయినవాళ్లను వెతుక్కుంటూ కూర్చుంటే కార్యక్రమం ఆగిపోతుందని అధికారులు అనొచ్చు. ఏరువాకకు చాలామంది ఊళ్లకు తిరిగొస్తారు. పత్రాలు అప్పుడు ఇళ్లకు పంపండి. రానివాళ్లతో ఫోన్లో మాట్లాడి రికార్డు చేయండి. కొన్ని కొత్త మందుల ప్రయోగాల్లో బలహీనుల సమ్మతిని వీడియో తీయాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. హాస్టల్ ఆడపిల్లకు ఆ మాత్రం జాగ్రత్త దక్కకూడదా? వార్డెన్ సంతకం చెల్లదని, తల్లిదండ్రులు వద్దంటే ఆ మాట కూడా నమోదు చేయాలని వైద్య, విద్యా శాఖలు జీవో ఇవ్వాలి. అది వచ్చేదాకా తల్లులకు అవగాహన పాఠాలు చెప్పే అర్హత ఆ శాఖలకు లేదు.