తుంగభద్రకు ఒక సైనిక ఇంజనీర్ దళం కావాలి

బళ్లారి, సిరుగుప్ప, కంప్లి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ప్రాంతాల రైతులకూ కూలీలకూ, నది ఒడ్డున బతికే ప్రతి ఊరివారికీ మనవి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీలోంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు పోసాగాయి. కట్ట మీద ఒత్తిడి తగ్గించడానికి తక్కిన గేట్లు కూడా ఎత్తి, నిండిన జలాశయాన్ని మన చేతులతో మనమే ఖాళీ చేసుకున్నాం. అడ్డువేసే స్టాప్‌లాగ్ పలకలు సిద్ధంగా లేవు. అప్పటికప్పుడు చేయించి, నీళ్లు పారుతుండగానే దించితే ఆగస్టు 16న మొదటి పలక కూర్చుంది. మరునాటికి గండం గడిచింది. కష్టం మాత్రం అక్కడితో తీరలేదు. 2025లో నీటి నిల్వను 80 టీఎంసీలకు కట్టడి చేశారు, గేట్లన్నీ మార్చాలని రెండో పంటకు నీళ్లు ఆపారు. ఒక గొలుసు తెగినందుకు రెండు రాష్ట్రాల ఆయకట్టు కట్టిన మూల్యం అది.

ఆ వారం రోజుల్లో విశ్రాంత గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు, ఆయన వెంట నిలిచిన ఇంజనీర్లు, పలకలు చేసిచ్చిన కార్మికులు చేసిన పనికి ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే డెబ్బై ఏళ్లు పైబడిన ఒక పెద్దాయన అనుభవం మీద, అదృష్టవశాత్తు దగ్గర్లో ఉన్న కర్మాగారాల మీద ఇంత పెద్ద నది భద్రత ఆధారపడటం ఏ మాత్రం క్షేమం కాదు. ఆయన విద్యను పడుచువాళ్లు నేర్చుకోవాలి, ఏటేటా సాధన చేయాలి, పిలిచిన పూటే పనిలోకి దిగాలి. అలాంటి జట్టు డ్యామ్‌ను నడిపే తుంగభద్ర బోర్డుకు లేదు, జిల్లా యంత్రాంగానికీ లేదు. 2022 చివర్లో వేదవతి నది మీద దిగువ కాలువ (ఎల్లెల్సీ) అక్విడక్టు స్తంభం కూలినప్పుడూ ఇదే లోటు కనబడింది. దిగువన పైరు ఎండుతుంటే పైన మనుషుల కోసం, సామగ్రి కోసం వెతుకులాట.

ఇటువంటి పని సైన్యంలోని ఇంజనీర్ దళాలకు నిత్యకృత్యం. 1780లో పుట్టి, నేడు బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లు 2024 వయనాడ్ విలయంలో చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెనను రాత్రీపగలూ శ్రమించి ఆగస్టు 1కల్లా నిలబెట్టారు. 24 టన్నుల బరువు మోసే వంతెన అది. అదే ఏడు సెప్టెంబర్‌లో ఆంధ్రలో బుడమేరు వాగు గండి పూడ్చడానికి అక్కడి జలవనరుల శాఖకు తోడుగా ఆర్మీ ఇంజనీర్లు వచ్చి, ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి అడ్డుకట్ట వేశారు. మనకు చిక్కు ఎక్కడంటే, ఆ దళాలు బెంగళూరులోనో సికింద్రాబాద్‌లోనో ఉంటాయి. రెండూ ఇక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైనే. పైగా నది ఒక్కటే అయినా సైన్యం లెక్కలో డ్యామ్ కర్ణాటక–కేరళ సబ్ ఏరియా కిందికి, దిగువన మంత్రాలయం, కర్నూలు తెలంగాణ–ఆంధ్ర సబ్ ఏరియా కిందికి వస్తాయి. కలెక్టరు రాష్ట్రాన్ని అడిగి, రాష్ట్రం సైన్యాన్ని అడిగి, దళం లారీలెక్కేలోగా వరద ఎవరి కోసమూ ఆగదు. 2009 అక్టోబర్‌లో సిరుగుప్ప పల్లెలు, మంత్రాలయం, కర్నూలు ఒకే వరదలో మునిగాయి. ఆ నీటికి రాష్ట్రాల సరిహద్దు అడ్డు రాలేదు.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ప్రాదేశిక సైన్యం, అంటే టెరిటోరియల్ ఆర్మీ కింద బళ్లారిలో ఒక ఇంజనీర్ కంపెనీని ఏర్పాటు చేయాలి. 1948 నాటి చట్టం ఇప్పటికే ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు. దారి కూడా పాతదే. కొండల మీద అడవి పెంచడానికి 1982లో డెహ్రాడూన్‌లో మాజీ సైనికులతో ఒక పర్యావరణ బెటాలియన్‌ను నిలిపారు, తర్వాత రాజస్థాన్ ఇసుక నేలల్లోనూ అలాగే చేశారు. అదే పద్ధతిలో రాయలసీమ, బళ్లారి, రాయచూరు, కొప్పళ ప్రాంతాల్లో పింఛను మీద ఉన్న సాపర్లను తిరిగి పిలవాలి. తరతరాలుగా మద్రాస్ సాపర్లలో తెలుగువాళ్లు, కన్నడిగులు, తమిళులు కలిసి పనిచేశారు, ఇక్కడ భాష అడ్డంకి కాబోదు. ఒక ప్లాటూన్‌కు గేట్లూ స్టాప్‌లాగ్‌లూ, మరొకదానికి కాలువ గండ్లు, మూడోదానికి మరబోట్లూ తాత్కాలిక వంతెనలూ అప్పగించాలి. నీళ్లు వదిలినప్పుడల్లా మునిగే కంప్లి వంతెన దగ్గర ఆ మూడో ప్లాటూన్‌కు ప్రతి వానాకాలం పని ఉంటుంది.

జాతీయ విపత్తు దళం ఉండగా ఇదెందుకని అడిగేవారున్నారు. కృష్ణా జిల్లా కొండపావులూరులోని పదో బెటాలియన్ మూడు రాష్ట్రాలను చూసుకుంటూ మనుషుల్ని కాపాడుతుంది, ఆ సేవ అమూల్యం. కానీ గేటు దించడం, గండి పూడ్చడం దాని విద్య కాదు. వరద లేని నెలల్లో ఈ దళం ఊరికే కూర్చుంటుందన్న అభ్యంతరం ఇంకా బలహీనమైనది: 33 గేట్ల గొలుసులు, ఎగువ కాలువ (హెచ్చెల్సీ), ఎల్లెల్సీ కట్టలు, పాతబడిన అక్విడక్టులు ఏడాది పొడవునా తనిఖీ కోరుతున్నాయి. సైన్యం పని సరిహద్దులో కదా అన్నది మాత్రం గట్టి ప్రశ్నే. అందుకే పనిలో ఉన్న రెజిమెంటును ఇటు మళ్లించమనడం లేదు, సర్వీసు ముగించినవారినే అడుగుతున్నాం. యుద్ధం వస్తే వాళ్లు సైన్యానికీ అక్కరకొస్తారు. ఇక ఖర్చు. బోర్డు ఖర్చును రాష్ట్రాలు పంచుకోవడం ఇప్పటికే నడుస్తున్న పద్ధతి. పడవలు, క్రేన్లు, విడి పలకల వంటి సామగ్రికి బళ్లారి జిల్లా ఖనిజ నిధి ఉంది. ఇనుప ఖనిజం తవ్వుకున్న నేల, ఆ డబ్బుతో తన నీళ్లను కాపాడుకోవడం న్యాయం. కర్ణాటక, ఆంధ్ర ఒక దళాన్ని కలిసి నడపలేవన్న అనుమానానికి డ్యామే జవాబు. 1953లో బళ్లారి మైసూరు వైపుకు వెళ్లిన నాటి నుంచి ఎన్ని తగవులు పడ్డా, ఉమ్మడి బోర్డు కింద నీళ్లు పంచుకుంటూనే ఉన్నాం.

ఈ వానాకాలం లోపల ప్రతి గ్రామ పంచాయతీ, ప్రతి నీటి వినియోగదారుల సంఘం ఈ కోరికతో ఒక తీర్మానం చేసి, ఒక ప్రతిని తుంగభద్ర బోర్డుకు, మరొకటి తమ జిల్లా కలెక్టరుకు, ఇంకొకటి తమ పార్లమెంటు సభ్యునికి పంపాలి. తీర్మానంలో మూడు విషయాలు తప్పకుండా ఉండాలి: దళం స్థావరం బళ్లారిలోనే ఉండాలి, దాన్ని కదిలించే అధికారం రెండు రాష్ట్రాల అనుమతి కోసం ఎదురుచూడకుండా బోర్డు చేతిలో ఉండాలి, విడి స్టాప్‌లాగ్‌లు తయారై డ్యామ్ దగ్గరే నిల్వ ఉండాలి.