జెండా వందనంతో తీరని ఋణం

ఆగస్టు పదిహేనున గ్రామాల్లోని చాలా క్రైస్తవ మందిరాల ముందు కూడా మువ్వన్నెల జెండా ఎగురుతుంది. ఆర్.సి.యం. విచారణల్లో ఆ రోజే మరియమాత మోక్షారోపణ పండుగ కనుక పూజ ముగిశాక జెండా వందనం జరుపుతారు. తక్కిన సంఘాల్లో పాస్టరుగారు దేశంకోసం, సరిహద్దుల్లోని జవాన్లకోసం నాలుగు మాటలు ప్రార్థిస్తారు. పిల్లలకు బిళ్లలు పంచుతారు. తొమ్మిదింటికల్లా ఎవరి పనికి వారు పోతారు.

కృతజ్ఞత చెల్లించడం క్రైస్తవులకు తెలియని పని కాదు. జ్వరం తగ్గితే కానుక, కొడుకు పరీక్ష పాసైతే కానుక, గేదె ఈనితే జున్నుపాలు పాస్టరుగారింటికి. కోత పండుగనాడు ఎంత బీదవాడైనా కుంచెడు ధాన్యమో, సొరకాయో, కోడిపెట్టో తెచ్చి బల్లముందు పెడతాడు. వాటిని వేలం వేస్తే పోటీపడి పాడుకుంటారు. పొందిన మేలుకు చేతితో చెల్లించే యీ అలవాటు వున్నవారు స్వాతంత్ర్యం విషయంలో మాత్రం నోటిమాటతో సరిపెట్టుకోవడం వింతగానే వున్నది.

ఆ మేలు చిన్నదేమీ కాదు. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. మతం పేరిట చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు అక్కరలేదని 1949లో సభ నిర్ణయించినప్పుడు ఆయన సమర్థించారు. మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికే గాక ప్రచారం చేసుకోవడానికి కూడా 25వ అధికరణం హక్కు ఇచ్చింది. వీధి చివర పందిరి వేసి సువార్త కూటాలు జరుపుకొంటున్నది ఆ హక్కుతోనే.

అయితే పేటలోని చదువుకున్న కుర్రవాళ్లు అడిగే ప్రశ్న కూడా న్యాయమైనదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్నవారికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని సవరించారు. క్రైస్తవులకు రాష్ట్రంలో దక్కినది బి.సి. ‘సి’ కింద ఒక శాతం. ఆ తగవు కోర్టుల్లోనో, చట్టసభల్లోనో తేలవలసినది, దానిని గట్టిగా అడగవలసినదే. కాని అది తేలేదాకా జవానుకు చెల్లించవలసినది ఆపడం న్యాయం కాదు. సరిహద్దుకు వెళ్లినవారిలో అలాంటి పేటల బిడ్డలూ వున్నారు గదా.

లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా నేటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు గిరిజన క్రైస్తవుడు. 1971 డిసెంబరులో అగర్తలా దగ్గరి గంగాసాగర్ పోరులో, గాయపడి కూడా, తోటివారిని కోసేస్తున్న మెషీన్ గన్ వద్దకు పాకిపోయి దాని నోరు మూయించి ప్రాణం విడిచాడు. ప్రభుత్వం పరమవీర చక్ర ఇచ్చింది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

అంత దూరం పోనక్కరలేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలటరీ మాధవరమనే పేరే స్థిరపడింది. అంత పేరులేని ఊళ్లలోనూ మాజీ సైనికుడి ఇల్లో, సైనికుని వితంతువు ఇల్లో కనబడుతుంది. ఆ వితంతువుకు వచ్చే చిక్కు ఏమిటో సంఘ పెద్దలు ఒకసారి అడిగి తెలుసుకోవాలి.

క్రైస్తవ కుటుంబాల్లో ఆడవారికి రెండు పేర్లుండడం మామూలే. బాప్తిస్మపు పేరు మరియమ్మ, ఇంట్లో పిలిచేది మంగమ్మ. భర్త సైన్యపు రికార్డులో ఒకటి రాయిస్తాడు, రేషను కార్డులో, ఆధార్‌లో రెండోది పడుతుంది. ఆయన బతికివుండగా రికార్డు ఆఫీసుకు రాసి సరిచేయించుకోవడం తేలిక. పోయాక ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి ఆ తల్లి ఎన్ని గడపలు ఎక్కాలో! చదువురానివారి పాట్లు చెప్పనే అక్కరలేదు.

తమాషా ఏమంటే, ఆ రుజువుకు పనికొచ్చే కాగితం తరచు మందిరపు బీరువాలోనే వుంటుంది. బాప్తిస్మాల రిజిస్టరు, వివాహాల రిజిస్టరు చూసి నకలు ఇస్తే ఆమె దరఖాస్తుకు బలం వస్తుంది. కొన్నిచోట్ల సంఘ చందా బాకీ తీరిస్తేనే నకలు ఇస్తామంటున్నారు. సైనికుని భార్యకైనా ఆ షరతు తీసివేయాలి. రిజిస్టర్లకు చెదలు పట్టకుండా చూసుకోవడం కూడా దేశసేవే.

సైనికుల పెన్షన్లు ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ పద్ధతికి మారాయి. పెన్షనుదారు బతికే వున్నట్లు ఏటా గుర్తింపు ఇవ్వవలసి వున్నది, లేకుంటే పెన్షన్ ఆగే ప్రమాదం వున్నది. సెల్‌ఫోన్ చేతబట్టుకుని తిరిగే యువజన సంఘంవారు యీ పని నేర్చుకుని ఆ ముసలివారి ఇంటికే వెళ్లి చేసిపెట్టవచ్చు. పేరు చిక్కులున్నవారిని వెంటబెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకుపోవచ్చు. హిందూ, ముస్లిం కుటుంబాలకు కూడా ఇదే సాయం చేయాలి, తూటా మతం అడిగి తగలదు.

గుర్తింపు గడువు చాలామందికి నవంబరులో వస్తుంది. ఆగస్టు పదిహేనునాడు మందిరంలో పేర్లు రాసుకుంటే పని చేయడానికి రెండున్నర నెలల వ్యవధి చిక్కుతుంది.