పందికొక్కులు, పట్టేవాళ్ళు, మనం

ఈ సంచికలో రాజకీయాల మీద, సినిమాల మీద, నిరుద్యోగం మీద వ్యాసాలు ఎలాగూ ఉంటాయి. నేను పందికొక్కు మీద రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కాని హాస్టలు మెస్సులో మన కంచంలోకి వచ్చే అన్నంలో మొదటి వాటా తీసుకుంటున్నది ఆ జంతువే గనుక ఇది మనకు సంబంధం లేని విషయమేమీ కాదు.

ఇంగ్లీషు నిఘంటువుల్లో 'బాండికూట్' అనే మాట ఉంది. అది మన 'పందికొక్కు' నుంచి వెళ్ళిన మాటే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పట్టుకుపోయి ఆస్ట్రేలియాలో కడుపుకు సంచి ఉన్న వేరే జంతువుకు కూడా తగిలించారు. తెలుగు నుంచి ప్రపంచానికి వెళ్ళిన కొద్ది మాటల్లో ఒకటి ఎలుక పేరు కావటం మన భాషాభిమానులకు రుచించకపోవచ్చు. మన రైతుకు దానితో ఉన్న వైరం మాత్రం ఈనాటిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల వరిచేలల్లో తిరిగే ఎలుకల్లో ముఖ్యమైనది ఈ చిన్న పందికొక్కు. గట్టులో బొరియ తవ్వుతుంది. తోడిన మట్టిని వాకిట్లో కుప్పపోసి తలుపు మూసుకున్నట్టు మూసుకుంటుంది. చేను పొట్ట మీద ఉన్నప్పుడు దుబ్బులు కొరికి పడేస్తుంది. గింజ గట్టిపడ్డాక వెన్నులు కోసి బొరియలోకి మోసి దాస్తుంది. తినేది కొంత, దాచేది కొంత, ఊరికే కొరికి పారేసేది మరి కొంత. గర్భం సుమారు మూడు వారాలే. ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు మామూలు. వడ్డీ వ్యాపారి చక్రవడ్డీ కూడా ఈ లెక్క ముందు చిన్నబోతుంది.

ఈ సంగతి ఎత్తితే చాలు, మన కాంటీనులో రెండు పక్షాలు తయారవుతాయి. "పాపం, వాటికీ ప్రాణమే కదా" అంటుంది ఒక పక్షం. "తుపాకులిచ్చి కాల్పించేస్తే ఎలుకలేం ఖర్మ, పందులు కూడా పోతాయి గదా" అంటుంది రెండోది. నాకు ఈ రెండు మాటలూ రుచించవు. ఎందుకో చెబుతాను.

మొదటి పక్షం మిత్రులారా! రైతు తన చేలో గింజను కాపాడుకోవటానికి ఎలుకను చంపితే పాపమని చెప్పే హక్కు, పూటపూటా ఆ గింజనే తినే మనకు ఎక్కడిది? వినాయకుడి వాహనమని చవితినాడు ఎలుకకూ కలిపి దండం పెట్టే రైతు ఆ మర్నాడు చేలో బుట్ట పెడతాడు. అందులో వంచనేమీ లేదు. ఇది మన దేశానికే పరిమితమూ కాదు. అమెరికాలో గ్రౌండ్‌హాగ్ అనే జంతువుంది. ఉడుత జాతిదే గాని పిల్లి అంత ఉంటుంది, నేలలో బొరియలు తవ్వుతుంది. పెన్సిల్వేనియాలోని పంక్సటానీ అనే ఊళ్ళో 1887 నుంచి ఫిబ్రవరి 2న దాన్ని బయటికి తెచ్చి, చలి ఇంకా ఎన్నాళ్ళుంటుందో దాని చేత జోస్యం చెప్పిస్తారు. అదే జంతువు పంట మీద పడితే అక్కడి రైతు రైఫిలు తీస్తాడు. పూజ పూజే, పంట పంటే.

ఇక రెండో పక్షం. అమెరికాలో ఈ వేట చాలామందికి సరదా కూడా. దూరాన్నించి గురిచూసి కొట్టటం వాళ్ళకొక ఆట. ఆ సరదా మన పొలాల్లోకి వస్తే ఏమవుతుందో బీహారులో కొంత చూశాం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 62వ సెక్షను కింద 2015 డిసెంబరులో కేంద్రం ఆ రాష్ట్రంలో నీల్‌గాయిని, అడవిపందిని ఏడాదిపాటు 'హానికర జంతువులు'గా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో రెండు వందలకు పైగా నీల్‌గాయిలను కాల్చారు. కాల్చినవాళ్ళలో మన హైదరాబాదు నుంచి వెళ్ళిన షూటర్లున్నారు. దాని మీద ఒకే మంత్రివర్గంలోని మేనకా గాంధీ, ప్రకాశ్ జవడేకర్ పత్రికలకెక్కి వాదులాడుకున్నారు. వాదన పత్రికల్లో ముగిసింది. నీల్‌గాయి పొలాల్లో మిగిలింది. బయటినుంచి వచ్చినవాడు నాలుగు రోజులు కాల్చి వెళ్ళిపోతాడు. చేను మాత్రం ఏడాదంతా అక్కడే ఉంటుంది.

మన దగ్గర తుపాకి కంటే ఘోరమైనది కరెంటు తీగ. వేరుశనగకు, మొక్కజొన్నకు అడవిపంది బెడద ఉన్న ఊళ్ళలో రాత్రిపూట చేను చుట్టూ తీగలాగి నేరుగా లైను నుంచి కరెంటు ఇస్తున్నారు. తీగకు పంది ఏదో, మనిషి ఎవరో తెలియదు. నీళ్ళు పెట్టటానికి చీకట్లో వెళ్ళిన పక్కచేను రైతు దానికి తగిలి చచ్చిపోయాడన్న వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు? తీగ కట్టినవాడే చచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2020 మేలో కేరళలోని పాలక్కాడు జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు, పందుల కోసం మందుగుండు కూర్చి పెట్టిన కాయ కొరికి, నోరు ఛిద్రమై నదిలో నిలబడి ప్రాణం విడిచింది. దేశమంతా కన్నీరు కార్చింది. ఆ మందుగుండు దాకా రైతును నెట్టిన పరిస్థితి గురించి మాట్లాడినవాళ్ళు మాత్రం తక్కువ.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. 1972 నాటి చట్టం ప్రకారం అడవిపంది రక్షిత జంతువే. అయినా నిలిచిన పంటకు నష్టం చేస్తుంటే అధికారం ఉన్న అధికారి దాన్ని చంపటానికి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళలో 2022లో ఆ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించారు. అనుమతి కాగితం బల్లలు మారుతూ కూర్చుంటే పంది ఆగదు గదా! కాగితం ఆలస్యమైన ప్రతి రాత్రీ తీగకు పని దొరుకుతుంది.

మళ్ళీ ఎలుక దగ్గరికి వద్దాం. దానికి అనుమతి అక్కర్లేదు, కావలసింది నేర్పు. వ్యవసాయ శాఖ చెప్పే మందు జింక్ ఫాస్ఫైడ్: 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు. పుస్తకంలో ఇది తేలికే. కాని ఎలుక కొత్త తిండిని అనుమానిస్తుంది. కాస్త తిని జబ్బుపడి బతికిందా, ఇక ఆ ఎర ముట్టదు. అందుకే ముందు ఒకటి రెండు రోజులు మందు లేని నూకలు పెట్టి మరిపించాలి. ఈ మందుకు విరుగుడు లేదు. కోడి తిన్నా, కుక్క తిన్నా, పసిపిల్లవాడు నోట్లో పెట్టుకున్నా అంతే సంగతులు. బ్రోమాడయోలోన్‌కు విరుగుడుగా విటమిన్ 'కె' ఉంది గాని, దాన్ని తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే, రాత్రంతా మన తరఫున కూలి లేకుండా ఎలుకల్ని వేటాడే నేస్తానికే మనం విషం పెట్టినట్టవుతుంది.

ఏ విషమూ లేకుండా ఈ పని చేసేవాళ్ళు మనమధ్యే ఉన్నారు. వాళ్ళు యానాదులు. నేను డెల్టా వాణ్ణి. వాళ్ళ పని చూస్తూ పెరిగాను. గట్టు వెంట నడుస్తూ మట్టి తడి చూసి ఏ బొరియలో ఎలుక ఉన్నదీ, ఏది పాడుబడ్డదీ చెప్పేస్తారు. సాయంత్రం బుట్టలు పెట్టి తెల్లవారుజామున తీస్తారు. బొరియకు పొగపెట్టి, తవ్వి, ఎలుకతోపాటు అది దాచిన వెన్నులు కూడా బయటికి లాగుతారు. మా చేలో బుట్టలు పెట్టే పెద్దాయన ఒకసారి అన్నాడు: "మీ చేలో నేను పట్టి, పక్క చేలో ఆయన ఊరుకుంటే ఏం లాభం బాబూ? ఎలకకి సర్వే నంబర్లు తెలవ్వు గదా!" ఊరంతా ఒకేసారి, ఊడ్పులకు అటూ ఇటూగా పని మొదలుపెట్టాలని శాస్త్రజ్ఞులు చెప్పేదీ సరిగ్గా ఇదే.

అలాంటి పనివాడికి మనం ఇచ్చేదేమిటి? పట్టిన ఎలుక లెక్కన కాసిని రూపాయలు, 'ఎలకలు తినేవాళ్ళు' అనే ఎగతాళి. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చిన తరువాత కూడా అప్పుకింద కట్టుబడి పనిచేస్తున్న యానాది కుటుంబాలు బయటపడుతూనే వచ్చాయి. ఊరి పంటను కాపాడేవాడికి ఊళ్ళో సెంటు భూమి ఉండదు.

పైగా ఎలుక లెక్కన కూలి ఇవ్వటం పద్ధతే తప్పు. 1902లో హనోయిలో ఫ్రెంచివాళ్ళు ఎలుకతోకకు ఇంత అని బహుమానం ప్రకటిస్తే జనం తోకలు కోసుకుని ఎలుకల్ని వదిలేశారు. మనవాళ్ళు అలా చేస్తారని నేననటం లేదు. తోక లెక్కన ఇస్తే ఎలుకలు పెరిగి, పంట పోయాకనే పనివాడికి నాలుగు డబ్బులు దొరుకుతాయి. ఎకరానికి ఇంత అని సార్వాకూ దాళ్వాకూ ముందే ఒప్పందం చేసుకుని, ఆయకట్టు మొత్తం వాళ్ళకు అప్పగిస్తే, ఎలుకలు లేని చేనుకే కూలి ముడుతుంది. రైతుకు కావలసిందీ అదే.

ఇది గాలిమాట కాదు. పాముచర్మాల వ్యాపారం నిషేధించాక తమిళనాడులో ఇరుళులు ఉపాధి లేక వీధిన పడ్డప్పుడు, 1978లో వాళ్ళ సహకార సంఘం ఏర్పడింది. పాముల్ని పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందుకు ఆ విషమే ఆధారం. 2023లో ఆ జాతికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ వచ్చింది. ఇరుళుల నేర్పుకు సంఘం దొరికింది. యానాదుల నేర్పుకు ఎందుకు దొరకకూడదు?

మన జాతీయ సేవా పథకం శిబిరాల్లో ఏటా మొక్కలు నాటి ఫొటోలు దిగుతున్నాం. ఒక్క ఏడాది డెల్టాలో ఒక ఊరు తీసుకుని, ఊడ్పుల ముందు బొరియలు లెక్కపెట్టి, రైతుల్నీ యానాదుల్నీ ఒకచోట కూర్చోబెట్టి ఎకరం రేటు మాట్లాడిద్దాం. జువాలజీ వాళ్ళు లెక్కలు చూడండి, కామర్సు వాళ్ళు సంఘం పద్దు రాయండి, లా చదివిన పూర్వ విద్యార్థులు ఒప్పంద పత్రం తయారుచేసి పెట్టండి. పొలంలో చంపక తప్పనప్పుడు ఆ పని తెలిసినవాడి చేతిలో, పట్టపగలు, న్యాయమైన కూలికి జరగాలి. చీకట్లో కట్టిన తీగకు ఆ పని వదిలేసినంత కాలం, ఆ తీగ మీద పడే ప్రతి మనిషి చావులో తినేవాళ్ళం మనకూ వాటా ఉంటుంది.